ప్రెసిడెంటు గారి అరుగు

మొన్న మా వీధిలో దీపం ఆరిపోయింది. మా మనవడు ఫోనులో ఏదో నొక్కి, "కంప్లైంట్ పెట్టేశాను తాతయ్యా, నంబరు కూడా వచ్చింది" అన్నాడు. చూస్తే గొలుసంత పొడవున్న నంబరు. నాలుగో రోజు సాయంత్రం మెసేజి వచ్చింది, ఫిర్యాదు పరిష్కారమైపోయిందట. ఆ మెసేజిని నేను ఆ వీధిలోనే, ఆ స్తంభం కిందే, ఫోను వెలుతురులో చదువుకున్నాను. స్తంభం మాత్రం అమావాస్యలో తాటిమానులా నిలబడి ఉంది. ఏ ఆఫీసో చెప్పను. చెబితే రేపు మళ్ళీ అక్కడికే వెళ్ళాలి కదా.

మా రోజుల్లో ఫిర్యాదుకి నంబరు ఉండేది కాదు. అరుగు ఉండేది.

మాది ఇప్పటి తిరువళ్ళూరు జిల్లా గుమ్మిడిపూండి తాలూకాలో ఒక పల్లె. నేను పుట్టేటప్పటికి అది చెంగల్పట్టు జిల్లా. ఇంట్లో తెలుగు, కాగితం మీద తమిళం. పన్ను రసీదు తమిళంలో ఉంటే, దాని గురించి తగువు తెలుగులో పడేవాళ్ళం. వీధి చివర్లలో నాలుగు కొయ్య స్తంభాలు, వాటిమీద గాజు డబ్బాల్లో కిరసనాయిలు దీపాలు. పంచాయతీ మనిషి పొద్దు గుంకేవేళకు నిచ్చెన భుజాన వేసుకొచ్చి వెలిగించేవాడు. ఒకరోజు వెలగలేదు. రెండోరోజూ వెలగలేదు. మూడోరోజు పొద్దున్నే మా నాయనమ్మ ప్రెసిడెంటు ఇంటికి పోయి అరుగు ముందు నిలబడి, "ఏరా అబ్బయ్యా, ఊరి కిరసనాయిలు నీ ఇంట్లోగానీ వెలుగుతుందా?" అని అడిగింది. ఆయన అప్పుడు పళ్ళు తోముకుంటున్నాడు. నోట్లో వేపపుల్ల, చేతిలో చెంబు. పారిపోవడానికి దారి లేదు. ఆ సాయంత్రం నాలుగు దీపాలూ వెలిగాయి.

పంచాయతీ పనిచేయడం అంటే నాకు తెలిసిన నిర్వచనం అదే. పదవిలో ఉన్నవాడు పళ్ళు తోముకునేటప్పుడు మనకు దొరకాలి.

పంచాయతీ ఆఫీసంటే ఒక పెంకుటిల్లు, దాని పక్కన రేడియో గది. మద్రాసు రాష్ట్రంలో పెరిగినవాళ్ళకి పంచాయతీ రేడియో గురించి వేరే చెప్పక్కర్లేదు. సాయంత్రమయ్యేసరికి గూట్లో బిగించిన కొమ్ము స్పీకరు గరగరలాడేది. మద్రాసు కేంద్రం నుంచి వార్తలు, వ్యవసాయదారుల కార్యక్రమం, అదృష్టం బావుంటే ఒక నాటకం. ఊరు మొత్తం ఇసుకలో కూర్చునేది. రేడియో అయిపోయాక అక్కడే ఊరి సంగతులు మొదలయ్యేవి. చెరువు తూము కారుతోందని ఒకరు, బావి గిలక విరిగిందని ఇంకొకరు. దాన్ని గ్రామసభ అంటారని మాకప్పుడు తెలీదు. చట్టం ఆ పేరు మా ఊళ్ళ దాకా తెచ్చేసరికి స్పీకరు తుప్పుపట్టి పోయింది, జనం టీవీల ముందుకి పోయారు.

వేసవిలో చెరువు పని. తమిళంలో కుడిమరామత్తు అనేవాళ్ళు, మేమూ ఆ మాటే అనేవాళ్ళం. ఇంటికొక మనిషి చొప్పున పలుగూ పారా పట్టుకుని రావాలి, పూడిక తీయాలి, కట్ట మీద మట్టి వేయాలి. రానివాడి ఇంటికి ఆ ఏడు నీళ్ళ వంతు ఆఖర్న వచ్చేది. నీరుగంటి ఎవరి మడికి ఎప్పుడు నీళ్ళు వదలాలో పుస్తకం చూడకుండా చెప్పేవాడు. ఇప్పుడా చెరువుకి పూడిక టెండరు పిలుస్తారు. కాంట్రాక్టరు ఎవరో, ఎప్పుడొచ్చి ఎప్పుడు పోయాడో కట్ట మీద మేకలు కాసే పిల్లాడికి తప్ప ఊరికి తెలీదు. మట్టి మాత్రం లారీల్లో పోతుంది.

ఇక్కడిదాకా చదివి మా కోడలు, "మావయ్యా, అంతా బంగారమే రాస్తారేం?" అంది. నిజమే. ఆ అరుగు మీద అందరూ కూర్చునేవాళ్ళని రాస్తే అబద్ధమవుతుంది. మాలపల్లె నుంచి ఒక మెంబరుండేవాడు. తీర్మానాల పుస్తకాన్ని ఆయన దగ్గరికి వాకిట్లోకి పట్టుకెళ్ళేవాళ్ళు, ఆయన నిలబడే వేలిముద్ర వేసేవాడు. ఏమి రాశారో చదివి వినిపించిన రోజు నేను చూడలేదు. రేడియో మోత వాళ్ళ పల్లె దాకా పోయేది, దీపం పోయేది కాదు. మా నాయనమ్మ గొంతు అంత గట్టిగా లేచిందంటే దాని వెనక కులముంది, ప్రెసిడెంటు వరసకి ఆవిడకి అల్లుడు కావడమూ ఉంది. అదే మాట మాలపల్లె నుంచి ఒక ముసలమ్మ వచ్చి అడిగి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు, మీకూ తెలుసు.

ఇది పాతకాలంతో పోయిన జబ్బు కూడా కాదు. 1996లో మదురై జిల్లా మేలవళవు పంచాయతీని దళితులకు కేటాయిస్తే, ప్రెసిడెంటుగా గెలిచిన మురుగేశన్‌ను 1997 జూన్ 30న పట్టపగలు నరికేశారు. ఆయనతో ఉన్నవాళ్ళనీ చంపారు. అదే జిల్లాలో పాప్పాపట్టి, కీరిపట్టి, నాట్టార్‌మంగళంలలో రిజర్వుడు పదవికి పదేళ్ళపాటు ఎన్నికే సాగనివ్వలేదు, 2006లోగాని జరగలేదు. తమిళనాడు పంచాయతీల్లో చెక్కు మీద ప్రెసిడెంటూ, వైస్ ప్రెసిడెంటూ ఇద్దరూ సంతకం పెట్టాలి. దొంగతనం జరక్కుండా పెట్టిన నిబంధన అది. కానీ దళిత మహిళ ప్రెసిడెంటైన చోట వైస్ ప్రెసిడెంటు సంతకం పెట్టకుండా బిగదీసుక్కూర్చుంటే ఊరి పనంతా ఆగుతుంది. తాళం దొంగకోసం చేయించాం, ఇంటావిడే బయట నిలబడింది.

అయితే పాతకాలంలో బుద్ధి లేదంటే మాత్రం ఒప్పుకోను. కిందటేడు మనవణ్ణి ఉత్తిరమేరూరు తీసుకెళ్ళాను. చెన్నైకి సుమారు తొంభై కిలోమీటర్లు, కాంచీపురం జిల్లా. వైకుంఠ పెరుమాళ్ గుడి గోడల మీద పరాంతక చోళుడి కాలంనాటి శాసనాలున్నాయి. ఒకటి 919 నాటిది, రెండోది 921 నాటిది. ఊరిని ముప్పై వార్డులు చేసి, ఒక్కో వార్డులో అర్హుల పేర్లు తాటాకు ముక్కల మీద రాసి కుండలో వేయాలి. ఏమీ ఎరగని పిల్లవాడి చేత ఒకటి తీయించాలి. తీసిన ఆకును మధ్యస్థుడు అయిదువేళ్ళూ విప్పి, అరచెయ్యి చాచి అందుకోవాలి. వేళ్ళు ఎందుకు విప్పాలి? ఇంకో ఆకు దాచుకుని ఉంటాడేమోనని! తర్వాత ఆ పేరును అతనూ, అక్కడున్న పూజారులంతా పైకి చదవాలి. వెయ్యేళ్ళ క్రితం ఈ దేశంలో మనుషులెలాంటివాళ్ళో ఆ గోడ చెక్కినవాడికి బాగా తెలుసు.

ముప్పై మందిలో పన్నెండు మంది వార్షిక కమిటీకి, పన్నెండు మంది తోటల కమిటీకి, ఆరుగురు చెరువు కమిటీకి. చెరువుకి ప్రత్యేకంగా కమిటీ! పదవీకాలం 360 రోజులు. గత మూడేళ్ళలో పదవి చేసినవాడు పనికిరాడు. అన్నిటికంటే నాకు నచ్చిన నిబంధన ఇది: పదవిలో ఉండి లెక్క అప్పజెప్పనివాడి పేరు కుండలో వేయకూడదు. వాడిదే కాదు, వాడి తండ్రిది, కొడుకుది, అన్నదమ్ములది, మేనమామది, మామగారిది, అల్లుడిది, ఎవరిదీ వేయకూడదు. బంధువుల వరసలు ఒక్కొక్కటే పేర్లుపెట్టి చెక్కారు. ఈ ఒక్క నిబంధన ఇవాళ తెస్తే ఎంతమంది మిగులుతారని మనవణ్ణి అడిగితే, "కుండ మిగుల్తుంది తాతయ్యా" అన్నాడు. వాడికి ఇంజనీరింగ్ ఎందుకు చెప్పించామో.

అదీ అందరి సభ కాదు లెండి. సొంత భూమి, సొంత ఇంటిస్థలం, వేదం చదువు ఉండాలి. ఊళ్ళో మిగతా జనం ఆ కుండ దరిదాపులకి రాలేరు, ఆడవాళ్ళ ఊసే లేదు. వయసు 35 నుంచి 70 లోపు. 919లో 30 నుంచి 60 అని పెట్టి రెండేళ్ళకే మార్చుకున్నారు. నాకెలాగూ అర్హత లేదు, అందుకే నిష్పక్షపాతంగా చెబుతున్నాను.

ఇప్పుడు నేనుండే మద్రాసు సంగతికొస్తాను. ఈ ఊరి కార్పొరేషన్ 1688లో పుట్టింది. మేయరుతోపాటు పన్నెండుమంది ఆల్డర్‌మెన్లను కూర్చోబెడితే వాళ్ళలో చిన్న వెంకటాద్రి ఒకడు. కంపెనీ పెద్ద వర్తకుల్లో ఒకడైన బేరి తిమ్మన్న తమ్ముడు. అంటే మొదటిరోజు నుంచీ ఆ బల్ల దగ్గర ఒక తెలుగు కుర్చీ ఉంది. ఇరవయ్యో శతాబ్దంలో మన పిట్టి త్యాగరాయ చెట్టిగారు. సర్కారు నియమించిన అధికారుల తర్వాత ఆ కార్పొరేషన్‌కి ఎన్నికైన మొదటి అనధికార అధ్యక్షుడు ఆయన. 1920లో జస్టిస్ పార్టీ గెలిచినప్పుడు గవర్నరు పిలిచి రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా ఉండమంటే వద్దన్నాడు. కార్పొరేషన్‌లోనే ఉన్నాడు. బడి పిల్లలకు మధ్యాహ్నం అన్నం పెట్టిన ఆలోచన థౌజండ్ లైట్స్ కార్పొరేషన్ బడిలో ఆయన హయాంలోనే మొదలైంది. టి. నగర్‌లో చీరలు కొనడానికి పోయేవాళ్ళలో ఆ 'టి' ఎవరో ఎంతమందికి తెలుసో! పక్కనే పానగల్ పార్కు. ఆ పానగల్ రాజావారు, మన కాళహస్తి వైపు పానగంటి రామరాయణింగారు, ముఖ్యమంత్రి కాకముందు చూసిన శాఖ స్థానిక స్వపరిపాలన. రాష్ట్రాన్ని ఏలడం కంటే ఊరి కాలవ బాగుచేయడం తక్కువ పని కాదనుకున్న మనుషులు.

అలాంటి కార్పొరేషన్‌లో 1973 నుంచి 1996 దాకా కౌన్సిలే లేదు. ఇరవై మూడేళ్ళు! నేను ఈ ఊరికి ఉద్యోగానికొచ్చి, పెళ్ళిచేసుకుని, పిల్లల్ని కని, వాళ్ళని కాలేజీకి పంపేదాకా నాకు కౌన్సిలరు లేడు. పల్లెల్లోనూ అంతే. 1970లో పంచాయతీ ఎన్నికలు జరిగాయి, మళ్ళీ 1986లో జరిగాయి, మళ్ళీ 1996లో. అయిదేళ్ళు నిండకముందే ఎన్నిక పెట్టి తీరాలని 1993లో రాజ్యాంగంలోనే రాశారు కదా, ఇక భయం లేదనుకున్నాను. 2016 అక్టోబరులో గడువు తీరింది. రిజర్వేషన్లనీ, వార్డుల విభజననీ కోర్టుల చుట్టూ తిరిగి, పల్లెల్లో 2019 డిసెంబరులో చాలా జిల్లాలకు, 2021 అక్టోబరులో మిగతావాటికి జరిపారు. చెన్నైకి 2022 ఫిబ్రవరి దాకా మోక్షం లేదు. మధ్యలో కరోనా వచ్చి పోయింది. వీధి వీధినా రేకులు కట్టిన రోజుల్లో ఈ మహానగరానికి ఒక్క కౌన్సిలరు లేడు.

అసెంబ్లీ ఎన్నిక అయిదు నెలలు ఆలస్యమైతే దేశం గగ్గోలు పెడుతుంది. పంచాయతీ ఎన్నిక అయిదేళ్ళు ఆగితే పేపర్లో ఏడో పేజీ.

1984లో దక్షిణ శివార్లలో ఒక గ్రౌండు స్థలం కొన్నాను. అప్పుడది పంచాయతీ. చెరువులో తామరలు, రోడ్డు మీద గేదెలు, ఇంటి ప్లాను పట్టుకుని ప్రెసిడెంటు దగ్గరికి పోతే చూసి, "సారూ, వర్షాకాలం ఇక్కడ నీళ్ళు నిలుస్తాయి, మూడడుగులు పైకెత్తండి" అన్నాడు. ఏ ఇంజనీరూ చెప్పని మాట. ఎత్తాను. 2015 డిసెంబరులో చెన్నై మునిగినప్పుడు నీళ్ళు నా ఇంటి రెండో మెట్టు దగ్గర ఆగిపోయాయి. ఆ ప్రెసిడెంటు మహా నీతిమంతుడని నేను అనను. చెరువు అంచున ఆయన బావమరిది వేసిన ప్లాట్లు నేనూ చూశాను. కానీ ఆయనకి నేల తెలుసు.

2011లో చెన్నై కార్పొరేషన్‌లో చుట్టూ ఉన్న 42 స్థానిక సంస్థలను కలిపారు. తొమ్మిది మునిసిపాలిటీలు, ఎనిమిది పట్టణ పంచాయతీలు, ఇరవై అయిదు గ్రామ పంచాయతీలు. 174 చదరపు కిలోమీటర్ల ఊరు ఒక్క దెబ్బతో 426 అయింది. వార్డులు 155 నుంచి 200 మాత్రమే అయ్యాయి. కొట్టివాక్కం, పాలవాక్కం, మడిపాక్కం, ముగలివాక్కం, పళ్ళికరణై, ఒక్కొక్కటీ ఒక్కో ఊరు, ఒక్కో చెరువు, ఒక్కో బోర్డు. కాగితం మీద అన్నీ వార్డులయ్యాయి. సగటున ఒక వార్డుకు ముప్పై మూడువేలమంది. మా పల్లె మొత్తం పదిసార్లు పడుతుంది అందులో. ఆ తర్వాత ఆవడి, తాంబరం కూడా కార్పొరేషన్లయ్యాయి. ఇలా పల్లెల్ని మింగిన పట్నాల్లో రోడ్లు వెడల్పయ్యాయి, పైపులొచ్చాయి, కాదనను. డబ్బు పెద్ద ఆఫీసుకే ఉంటుంది. పంచాయతీకి ఆ పైపు వేయడం వందేళ్ళకైనా సాధ్యమయ్యేది కాదు. కానీ రోడ్డు తవ్వి ఆర్నెల్లు పూడ్చకపోతే ఎవరి అరుగు దగ్గరికి పోవాలో ఎవరికీ తెలీదు. అరుగులే లేవు కదా, అన్నీ గేట్లు.

ఇప్పుడు ఈ ఊరివాళ్ళకి మిగిలిన పంచాయతీ అపార్టుమెంటు అసోసియేషన్. దాని సెక్రటరీని పొద్దున్నే లిఫ్టు దగ్గర పట్టుకోవచ్చు, అదొక్కటే దాని గొప్ప. వాట్సాప్ గ్రూపులో నాలుగో అంతస్తువాడి కుక్క గురించి రెండొందల మెసేజిలు వస్తాయి. వీధి చివర పూడుకుపోయిన వాన కాలవ గురించి ఒక్కటీ రాదు.

చెన్నై చుట్టుపక్కల పంచాయతీ అంటే ఇలా ఉండాలని నేను ఒక్క ఊరి పేరే చెబుతాను. కుత్తంబాక్కం. పడమటివైపు తిరువళ్ళూరు జిల్లాలో, చెన్నైకి నలభై కిలోమీటర్లు. ఆర్. ఇళంగో అని ఆ ఊరి దళిత కుటుంబంలో పుట్టిన కెమికల్ ఇంజనీరు, శాస్త్రవేత్త ఉద్యోగం వదులుకుని వచ్చి 1996లో ప్రెసిడెంటుగా గెలిచాడు. సారా కాయడానికి పేరుపడ్డ ఊరది. ఒకే గోడకి అటొక దళిత కుటుంబం, ఇటొక వేరే కులం కుటుంబం ఉండేలా జంట ఇళ్ళు కట్టించాడు. మురికికాలవకి గ్రానైటు ఫ్యాక్టరీలు పారేసిన రాతిముక్కలు వాడి డబ్బు మిగిల్చాడు. పనిలో డబ్బు మిగిల్చినవాడిమీద మన దేశంలో విచారణ రాకుండా ఉంటుందా! నిబంధన ప్రకారం కట్టలేదని సస్పెండ్ చేశారు. ఆయన గ్రామసభ పిలిచి, లెక్కలు ఊరి ముందు పెట్టాడు. ఊరు ఆయన పక్కన నిలబడింది. పదవి తిరిగొచ్చింది, 2001లో మళ్ళీ గెలిచాడు.

వేళ్ళు విప్పి అరచెయ్యి చాచడమంటే అదీ.

ఆ మధ్య సూళ్ళూరుపేట దగ్గర పల్లెలో ఉండే మా తమ్ముడి కొడుకు ఫోన్ చేసి, "మా ఊళ్ళోకి సచివాలయం వచ్చింది పెదనాన్నా, సర్టిఫికెట్టుకి సర్పంచి ఇంటికి పోనక్కర్లేదు" అన్నాడు. 2019లో ఆంధ్రాలో పెట్టినవి. మంచిదే. మా కాలంలో మునసబు, కరణాల చుట్టూ తిరిగినవాళ్ళకి ఆ సుఖం తెలుస్తుంది. వాళ్ళని ఇక్కడ ఎం.జి.ఆర్. 1980లో, అక్కడ రామారావు 1984లో తీసేస్తే జనం ఏడ్చిందేమీ లేదు. అయినా వాణ్ణి ఒకటడిగాను: "ఆ సచివాలయంలోవాళ్ళు ఎవరికి జవాబు చెప్పాలిరా, సర్పంచికా, పైవాళ్ళకా?" కాసేపు ఆలోచించి, "సర్పంచి కూడా అదే అడుగుతున్నాడు పెదనాన్నా" అన్నాడు.

మా పల్లె సంగతి చెప్పి ముగిస్తాను. మా జిల్లాకి 2019లో ఎన్నికలయ్యాయి కాబట్టి 2025 జనవరి 5తో బోర్డుల గడువు ముగిసింది. ప్రత్యేకాధికారులు వచ్చారు. సంక్రాంతికి ఊరెళితే మా వాళ్ళని అడిగాను, ఇప్పుడు ప్రెసిడెంటు ఎవరని. "ఎవరూ లేరు" అన్నారు. అరుగున్న ఇల్లు పడగొట్టి డాబా కట్టారు, అరుగున్న చోట స్కార్పియో నిలబడి ఉంది. చెరువు కట్ట మీద నడిచాను. తూము ఇంకా కారుతోంది, అదే తూము. మాలపల్లెలో మాత్రం వీధి వీధికీ దీపాలున్నాయి. అది చూసి సంతోషించాను, ఆ సంగతి రాయకపోతే నా లెక్క కూడా అప్పజెప్పనట్టే.

తమిళనాడులో గ్రామసభకి జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2 తేదీలు ఎప్పటినుంచో ఉన్నాయి. తర్వాత మార్చి 22, నవంబరు 1 కూడా కలిపారు. ప్రెసిడెంటు ఉన్నా లేకున్నా సభ పెట్టాల్సిందే, జమాఖర్చులు చదవాల్సిందే. ఈసారి అక్టోబరు 2న తెల్లవారుజామునే బస్సెక్కి వెళ్ళి ఇసుకలో కూర్చుంటాను. కానీ నేను లేచి అడగడానికి లేదు, నా ఓటు చెన్నైలో ఉంది. ఓటు అక్కడే ఉన్నవాళ్ళు ఈ కాగితం చదువుతుంటే, తూముకి ఎంత ఖర్చు రాశారో ఒక్కసారి పైకి చదివించండి.